నల్ల కొవ్వొత్తీ, దిష్టిచుక్కా

మా అమ్మాయి పోరు పడలేక ‘హోకస్ పోకస్’ చూశాను. 1993లో డిస్నీ వాళ్ళు తీసిన సినిమా. సేలం ఊళ్ళో 1693లో ఉరితీసిన ముగ్గురు మంత్రగత్తె అక్కచెల్లెళ్ళు, మూడొందల ఏళ్ళకి ఓ కుర్రాడు నల్లమంట కొవ్వొత్తి వెలిగించగానే లేచొస్తారు. ఆ కొవ్వొత్తి ఉరిపడ్డవాడి కొవ్వుతో చేసిందట! పెద్దక్కగా బెట్ మిడ్లర్ చేసిన హడావుడికి నేనూ పడీ పడీ నవ్వానండోయ్.

నవ్వు అయ్యాక మాత్రం మనసు చివుక్కుమంది. అసలు సేలంలో 1692లో ఉరికంబమెక్కినవాళ్ళు 19 మంది. అందులో 14 మంది ఆడవాళ్ళు. ‘ఆవిడ రూపం వచ్చి నన్ను గిల్లింది’ అని ఆడపిల్లలు ఏడిస్తే కోర్టుకి అదే సాక్ష్యం! సినిమాలోనేమో ఉరిపడ్డవాళ్ళు నిజంగానే పిల్లల ప్రాణాలు పీల్చే రాకాసులు. అంటే కోర్టు చేసింది సబబేనన్నమాట! సరదా కథే కావాలంటే వేరే ఊరి పేరు పెట్టుకోవచ్చుగా?

పాపం, నలుపుకీ ఇలాంటి నిందే. మంత్రవిద్యని మతంగా పాటించే విక్కన్లు ఇప్పటికీ అమెరికాలో ఉన్నారు. వాళ్ళలో చాలామంది నల్ల కొవ్వొత్తి వెలిగించేది చెడు తొలగిపోవాలనే. మనకిందులో వింతేముంది? పసివాడి బుగ్గన మనం పెట్టే దిష్టిచుక్క నల్లనిదే కదా!

చేతబడి అనుమానంతో మన పల్లెల్లోనూ మనుషుల్ని చంపిన వార్తలు చదివాం. అందుకే, ‘ఆవిడకి ఏవో మంత్రాలొచ్చుటే’ అని ఎవరైనా చెవిన వేస్తే, ఆ మాట మన గుమ్మం దాటనివ్వకండి. అసలు కొవ్వొత్తి వెలిగేది అక్కడే!