వంటింటి తలుపు తీయని కెమెరా

చుట్టాలు వస్తున్నారంటే మన మధ్యతరగతి ఇళ్ళలో ముందుగది ఒక్కటే సర్దుతారు. వంటింటి తలుపు దగ్గరగా వేస్తారు. అమెరికా టెలివిజన్ తొలినాళ్ళలో ప్రముఖుల ఇళ్ళలోకి వెళ్ళిన ‘పర్సన్ టు పర్సన్’ కార్యక్రమం పాత భాగాలు కొన్ని ఈ మధ్య చూసినప్పుడు నాకు ఆ తలుపే గుర్తుకొచ్చింది.

సి.బి.ఎస్. సంస్థ 1953 అక్టోబరు 2న దీన్ని ప్రారంభించింది. 1959 దాకా ఎడ్వర్డ్ మర్రో నిర్వహించాడు. శుక్రవారం రాత్రి అరగంట, ఇద్దరు అతిథులు. మర్రో న్యూయార్కు స్టూడియోలో సిగరెట్టుతో కుర్చీలో కూర్చుంటాడు. ఎదురుగా పెద్ద తెర. అక్కడ అతిథి ఇంట్లో కెమెరాలు, దీపాలు, తీగలు, సిబ్బంది. అతిథికి మర్రో గొంతు వినిపిస్తుందేగాని మనిషి కనిపించడు. అయినా పక్కన కూర్చున్న స్నేహితుడితో మాట్లాడుతున్నట్టు మాట్లాడాలి.

దీన్ని ధనికుల వినోదమని ఒక్కమాటలో కొట్టిపారేయడం సులభం. కాని అది సరైన విమర్శ కాదు. తొలిరాత్రి అతిథులలో ఒకడు నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు రాయ్ కాంపనెల్లా. బడులలో జాతి విభజన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1954 మే నెలలో. అంతకు ఏడు నెలల ముందే ఒక నల్లజాతి కుటుంబం గౌరవంగా తన ఇంట్లోంచి తెల్లవారి ఇళ్ళలోకి వచ్చింది. దాని విలువను మనం తక్కువ చేయకూడదు.

అదే అక్టోబరు 30న జాన్ కెనెడీ దంపతులు కనిపించారు. ఆయన కొత్త సెనేటరు. పెళ్ళయి రెండు నెలలైనా కాలేదు. రాజకీయ నాయకుణ్ణి ఇంటి మనిషిగా చూపితే, అడగవలసిన ప్రశ్న అమర్యాదగా మారిపోతుంది. కొత్త పెళ్ళికూతురు పక్కన కూర్చుని ఉండగా, నీ వోటు ఎవరి ప్రయోజనం కోసమని ఎవరు అడుగుతారు? ఆత్మీయత ఇక్కడ ప్రశ్నకు అడ్డుగా నిలిచింది. ఈ కార్యక్రమం వర్గస్వభావం నాకు తెలిసింది ఇక్కడే.

1959లో క్విజ్ కార్యక్రమాల మోసం బయటపడ్డాక, సి.బి.ఎస్. అధ్యక్షుడు ఫ్రాంక్ స్టాంటన్ ఇదీ ముందే సిద్ధం చేసుకున్నదేనని తప్పుపట్టాడు. కెమెరాలు, దీపాలు ఇంట్లో వాటంతటవే తిరగవు, ఎవరు ఎప్పుడు ఏ గదిలోకి వెళ్తారో ముందుగా తెలియాలి కదా అని మర్రో జవాబు. నేను బడిపంతుల్ని. తనిఖీ రోజున పిల్లలు జవాబులు ముందే నేర్చుకుని ఉంటారని తెలిసినవాణ్ణి. నా దృష్టిలో అభ్యాసం అసలు దోషం కాదు. ఏ ప్రశ్నలు అడగకూడదో ముందే నిశ్చయమైపోవడం దోషం. వివాదం అబద్ధమా నిజమా అన్నచోటే ఆగిపోయింది. ఆ ఇల్లు ఎవరి శ్రమతో నిలిచిందన్న ప్రశ్న దాకా రాలేదు.

మర్రోకి ఆ ప్రశ్న తెలియదనలేం. 1954 మార్చి 9న ‘సీ ఇట్ నౌ’లో సెనేటరు మెకార్థీని నిలదీసినవాడు ఆయనే. ఆ కార్యక్రమం 1958లో ఆగిపోయింది. ఇళ్ళ కార్యక్రమం మాత్రం, మర్రో తప్పుకున్నాక కూడా, 1961 దాకా సాగింది. ప్రకటనల డబ్బుతో నడిచే మాధ్యమానికి ఏది ప్రియమో ఇంతకంటే వేరే నిదర్శనం అక్కర్లేదు.

1960 నవంబరు 25న, థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు, మర్రో వ్యాఖ్యాతగా ‘హార్వెస్ట్ ఆఫ్ షేమ్’ వచ్చింది. ఇందులో కెమెరా వలస కూలీల బసల్లోకి వెళ్ళింది. ఈరోజు కూలి ఎంత వచ్చిందని అడిగితే ఒక తల్లి చెప్పిన జవాబు: ఒక డాలరు. ముందు రోజు పండుగ భోజనం ఆరగించిన దేశానికి, ఆ పంట కోసిన చేతులు అలా కనిపించాయి. ఇవీ మనుషులుండే చోట్లే. ఇక్కడ మాత్రం రాబడి ఎంత, పిల్లలెందరు, తినేదేమిటి అని అడగటానికి ఎవరికీ మర్యాద అడ్డురాలేదు. పేదవాడి బతుకు బహిరంగ విషయం, ధనికుడి బతుకు స్వవిషయం అన్న న్యాయం ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే స్పష్టమవుతుంది.

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. ఈనాడు మన తెలుగు చానళ్ళలోనూ సినీతారల ఇళ్ళు, పూజగదులు, అద్దాల అల్మరాలు చూస్తున్నాం. చూడవద్దని నేననను. మనుషులకు మనుషుల మీద కుతూహలం సహజం. అయితే ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషి జీతమెంతో కూడా ఎవరైనా అడిగే రోజు రావాలి. ఆరోజు దాకా మనం చూసేది ఇల్లు కాదు, ముందుగది మాత్రమే.