పిల్లలు రాసుకునే మూల

దమ్మాయిగూడలో కొత్తగా లేచే ప్రతి ఇంట్లో దేవుడికి గూడో, గదో ఉంటుంది. టీవీ ఎక్కడ పెట్టాలో ముందే అనుకుని గోడలో వైర్లు లాగుతారు. పాత సామానుకు సజ్జలు, బైకులకు పార్కింగు సరేసరి. నూటయాభై గజాల జాగాలో ఓనరు పైన ఉండి, కింద రెండు పోర్షన్లు కిరాయికిస్తాడు. వచ్చే కుటుంబానికి బడికెళ్లే పిల్లలుంటారని ఓనరుకూ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. ఆ పిల్లలు ఎక్కడ కూర్చుని రాసుకోవాలో మాత్రం ఏ ప్లాన్లోనూ కనపడదు.

నేను చాలా కాలంగా ఇక్కడ పిల్లలకు సాయంత్రాలు ట్యూషన్ చెబుతున్నాను. ఎవరైనా చదువులో వెనకబడుతున్నారంటే వాళ్లింటికి వెళ్లి, హోంవర్క్ ఎక్కడ చేస్తున్నారో చూడటం నాకు అలవాటు. మంచం మీద బోర్లా పడుకుని రాసే పిల్లకు పేజీ సగానికి వచ్చేసరికి చెయ్యి తిమ్మిరెక్కుతుంది, అక్షరం జారిపోతుంది. ట్యూబ్‌లైటు వీపు వెనక గోడకు ఉంటే తల నీడ సరిగ్గా నోటుబుక్కు మీదే పడుతుంది. ఆ నీడను తప్పించుకోవడానికి పిల్లవాడు ఒక పక్కకు ఒరుగుతాడు. “వంకరగా కూసుంటడు మేడమ్, ఎంత చెప్పినా ఇనడు” అని తల్లి వాపోతుంది. వాణ్ని లేపి లైటుకు ఎదురుగా, కాస్త ఎడమ పక్క నుంచి వెలుగు పడేలా కూర్చోబెడితే చాలు, నడుం దానంతటదే నిలబడుతుంది. ఎడమ చేత్తో రాసేవాళ్లకు వెలుగు కుడి పక్క నుంచి రావాలి.

పిల్లల ఈ అవస్థ చూసి కొందరు ఈసీఐఎల్ చౌరస్తా దాకా వెళ్లి ఖరీదైన స్టడీ టేబుల్ తెచ్చేస్తారు. నెల తిరిగేసరికి దాని మీద ఇస్త్రీ బట్టలు ఉంటాయి. తప్పు పిల్లలది కాదు, ఎత్తుది. పెద్దల కోసం చేసే బల్లలు దాదాపు రెండున్నర అడుగులు ఉంటాయి. నాలుగు, నాలుగున్నర అడుగుల పిల్లకు రెండడుగుల లోపు బల్ల, పద్నాలుగు అంగుళాల కుర్చీ సరిపోతాయి. పెద్ద బల్ల ముందు కూర్చోబెడితే మోచేతులు భుజాల దాకా లేస్తాయి, కాళ్లు గాల్లో వేలాడతాయి. ఉన్న బల్లతోనే సర్దుకోవాలంటే కుర్చీలో మందపాటి దుప్పటి మడత వేసి, పాదాల కింద పీట పెట్టాలి. మోచెయ్యి బల్లకు సమానంగా, అరికాలు పీటకు ఆనుకుని ఉంటే అంతకు మించి కొలతలు అక్కర్లేదు.

నన్నడిగితే పోర్షన్లలో ఉండేవాళ్లకు నేలే మేలు. వెనకట సేట్ల దుకాణాల్లో గుమాస్తాలు పరుపు మీద కూర్చుని, ముందు ఏటవాలు డెస్కు పెట్టుకుని లెక్కలు రాసేవారు. అది చిన్న గదికి, నేల మీద కూర్చునే మనిషికి పుట్టిన సామాను. మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కలిస్తే వడ్లాయన పూటలో చేసిపెడతాడు. వెనక పక్క ఎత్తు, ముందు పక్క పల్లం, పెన్సిల్ దొర్లకుండా అంచుకు సన్న పట్టీ. ఒళ్లో ఎగ్జామ్ ప్యాడ్ పెట్టుకుంటే మెడ వాలిపోతుంది, ఈ వాలు డెస్కు మీద వాలదు. పని కాగానే మంచం కిందికి తోసేయొచ్చు. ఓనరు గోడకు మేకు కొట్టనివ్వడన్న బాధా ఉండదు.

మూల ఎక్కడన్నది పెద్ద ప్రశ్న. మా వైపు కిటికీ పక్కన కూర్చోబెట్టడమూ కష్టమే. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి గాలి తిరిగితే కిటికీలు మూయాలి, పొద్దు గూకితే దోమలకు మూయాలి. బెడ్‌రూమ్ అంటారా, చర్లపల్లిలోనో నాచారంలోనో నైట్ షిఫ్ట్ చేసే తండ్రి సాయంత్రం దాకా అక్కడే నిద్రపోతుంటాడు. మిగిలింది హాలే. వంటింటి గుమ్మానికి దగ్గరగా, టీవీకి వీపు చేసి కూర్చునే మూల చూడండి. చిన్న పిల్లలకు వేరే గది అవసరం లేదు, అమ్మ మాట వినిపించేంత దూరం కావాలి. జపాన్‌లో ఒకటో తరగతిలో చేరే పిల్లకు బల్ల కొనిపెట్టడం ఆనవాయితీ. బల్ల ఉండి కూడా అక్కడ చాలామంది పిల్లలు హాల్లో, పెద్దల పక్కనే హోంవర్క్ చేస్తారు.

టీవీ సంగతి మన ఇళ్లకు కరోనా ఏడాది బాగా తెలిసొచ్చింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలైనప్పుడు అదే హాలు బడి అయింది. పాఠం నడిచినంతసేపు ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. అప్పుడు కుదిరింది ఇప్పుడు రోజుకో గంట కుదరదా? సీరియల్ వేళ మారాలి, లేదా హోంవర్క్ వేళ మారాలి. రెండూ ఒకే గంటలో ఉంటే ఎంత మంచి మూల కట్టినా పిల్ల మెడ అటే తిరుగుతుంది.

ఇప్పుడు ఫోను కూడా ఆ మూలలోకి వచ్చింది. బడివాళ్లు హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఫోను అమ్మది, పిల్ల దాన్ని చేతిలోకి తీసుకున్నాక లెక్కల పేజీ దాటి ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. అమ్మో నాన్నో గ్రూపు చూసి, ఆ నాలుగు ముక్కలూ డైరీలో రాసిచ్చి ఫోను తీసేసుకుంటే గొడవ సగం తగ్గుతుంది.

ఇంతా చేసి, ఆ మూలలో పిల్లను ఎంతసేపు కూర్చోబెట్టాలి? కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దంది. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించొద్దంది. రోజుకు కాదు, వారానికి. ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట, ఆ పైన రెండు గంటలు. మా వీధిలో మూడో తరగతి పిల్లలు రాత్రి తొమ్మిదింటికి కూడా రాస్తూ కనపడతారు. పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి అడిగే ముందు ఈ లెక్క అడగండి.

ఇళ్లు కట్టే ఓనర్లకు ఒక విన్నపం. వంటింటి గట్టుకు బండ తెస్తారు కదా, హాలు మూలలో రెండడుగులకు కాస్త తక్కువ ఎత్తులో గోడలోకి ఒక షాబాద్ బండ ముక్క దించండి. అక్కడ కూర్చునే పిల్లకు ఎదురుగా, ఎడమ పక్కన లైటు పాయింటు పెట్టించండి. గోడ లేచేటప్పుడే చెబితే మేస్త్రీకి అది పెద్ద పని కాదు. ఎన్ని కుటుంబాలు మారినా, వచ్చిన ప్రతి ఇంటి పిల్లలూ ఆ బండ మీదే రాసుకుంటారు.