కిళ్ళీ కొట్టు దగ్గర ముసాయిదా

2021 జనవరి మూడో వారం. మా ఊరి బస్టాండు పక్కన చాలా ఏళ్లుగా కిళ్ళీ కొట్టు నడుపుతున్న ఆయన నన్ను పిలిచి అడిగారు: "లూజు సిగరెట్లు అమ్మితే జైల్లో పెడతారంట, నిజమేనాండీ?"

"ఇంకా చట్టం కాలేదండీ. ముసాయిదా. జనం ఏమంటారో చెప్పమని ఢిల్లీలో ఆరోగ్య శాఖ అడిగింది."

"మమ్మల్నెవరూ అడగలేదే?"

"అడిగారు. నెలాఖరు దాకా గడువు. కాకపోతే ఇంగ్లీషులో అడిగారు."

ఆయన ఇంకేమీ అనలేదు. కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని, సంచిలోంచి ముసాయిదా కాగితాలు తీసి తెలుగులో చెప్పుకుంటూ పోయాను. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టానికి సవరణ అది. పద్దెనిమిదేళ్లు నిండితే కొనుక్కోవచ్చన్నది ఇరవై ఒకటికి పెరుగుతుంది. విడి సిగరెట్ల అమ్మకం ఉండదు. బహిరంగ స్థలంలో పొగ తాగితే 200 రూపాయల జరిమానా 2,000 అవుతుంది. ఆయన తమలపాకుకి సున్నం రాస్తూనే విన్నారు. చివరికి అన్నమాట నా నోట్‌బుక్కులో ఇప్పటికీ ఉంది. "పిల్లలు పెట్టె కొనలేరండీ. ఒకటీ రెండూ కొంటారు. లూజు ఆపితే వాళ్లు ఆగుతారు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ నాకో ఏడాది టైమివ్వమనండి, ఇంకో సరుకు పెట్టుకుంటాను. జరిమానా ఒక్క నా మీదే కాదు, పెట్టెలు నా కొట్టుకి పంపేవాళ్ల మీదా వెయ్యమనండి."

విడిగా కొనేవాడి చేతికి పెట్టె రాదు. పెట్టె మీద 85 శాతం మేర అచ్చువేసిన పుండు బొమ్మా, హెచ్చరికా వాడి కంట పడవు. అందుకే ప్రజారోగ్యం గురించి పట్టించుకునేవాళ్లు ఆ నిషేధాన్ని ఏళ్ల తరబడి కోరుతున్నారు. నేనూ కోరేవాణ్ణే. అయినా ఆ బల్ల మీద కూర్చునేదాకా, దాన్ని అమలు చేయాల్సిన మనిషి దానికి ఎదురు తిరగకుండానే గడువు అడుగుతాడని నాకు తట్టలేదు. ఆ రాత్రి ఆయన మాటల్ని ఇంగ్లీషులో పెట్టి, ఆయన పేరు మీదే శాఖకు ఈమెయిల్ పంపాను. జవాబు రాలేదు. ఆ ముసాయిదా పార్లమెంటు దాకా పోలేదు.

రాబోయే చట్టాలను వెంబడించడం నాకు పాత అలవాటు. ఒక్కో బిల్లుకి నోట్‌బుక్కులో ఒక పేజీ. ముసాయిదా ఎప్పుడొచ్చింది, ఏ సభలో పెట్టారు, స్థాయీ సంఘానికి పంపారా లేదా, ఎప్పుడు ఆమోదించారు, రాష్ట్రపతి సంతకం ఎప్పుడు, గెజిట్‌లో అమలు తేదీ ఎప్పుడు, రూల్స్ వచ్చాయా. వీటితో పాటు ఎర్ర సిరాతో రాసేది ఒకటుంది: అభిప్రాయాలు చెప్పడానికి ఆఖరి తేదీ. ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందుంచాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. అది విధానమే, చట్టం కాదు. పాటించకపోతే అడిగే నాథుడు లేడు. బిల్లును వివరంగా పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘానికి అది పోతే మన మాట వినిపించడానికి ఇంకో అవకాశం దొరుకుతుంది. కానీ 2019 నుంచి 2024 దాకా నడిచిన పదిహేడో లోక్‌సభలో సంఘాల దాకా వెళ్లిన బిల్లులు 16 శాతమే.

వైద్యం రాష్ట్రాల పని కదా, ఢిల్లీతో మనకేం పని అని మిత్రులు అంటుంటారు. ఆస్పత్రులు, పారిశుధ్యం రాష్ట్ర జాబితాలో ఉన్నమాట నిజమే. మందులు, ఆహార కల్తీ, డాక్టర్ల వృత్తి నియమాలు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పాకే అంటువ్యాధులు కేంద్రమూ చట్టం చేయగలిగే ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. మన మందుల షాపులో దొరికే మాత్ర నాణ్యత మీద చట్టం చేసేది పార్లమెంటే.

చట్టం పుట్టిన రోజూ, అది పనిచేయడం మొదలుపెట్టే రోజూ ఒకటి కావని నాకు బోధపరచింది హెచ్ఐవీ చట్టం. 2014 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టారు. మూడేళ్లకు, 2017 ఏప్రిల్‌లో లోక్‌సభ కూడా ఒప్పుకుంది, అదే నెలలో రాష్ట్రపతి సంతకం పడింది. హెచ్ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదన్న మాట అందులో ఉంది. టీవీలో ఆ వార్త చూసి ఒకావిడ ఫోన్ చేసింది. "నన్ను తీసేశారన్నా. ఇప్పుడు కేసు పెట్టొచ్చా?" గెజిట్ వెతికాను. అమలు తేదీ లేదు. "ఇంకా అమల్లోకి రాలేదమ్మా" అని చెప్పాల్సి వచ్చింది. 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చింది. సంతకానికీ అమలుకీ మధ్య దాదాపు పదిహేడు నెలలు. ఆవిడ అప్పటికి ఆ ఊరు విడిచి వెళ్లిపోయింది.

ఇంకో సంగతి ఆలస్యంగా నేర్చుకున్నాను. బిల్లు పేరు చూసి వదిలెయ్యకూడదు. 2022 డిసెంబర్‌లో 'జన్ విశ్వాస్' బిల్లు పెట్టినప్పుడు అది వ్యాపారుల వ్యవహారం అనుకుని పేజీ కూడా తెరవలేదు. 42 చట్టాలను ఒకేసారి సవరించే ఆ బిల్లులో 1940 నాటి ఔషధాల చట్టం కూడా ఉంది. 27(డి) సెక్షన్ కింద వచ్చే నాసిరకం మందుల నేరాలకు ఏడాది నుంచి రెండేళ్ల జైలు ఉండేది. సొమ్ము కట్టి రాజీ చేసుకునే నేరాల్లోకి దాన్ని చేర్చారు. ప్రాణం తీసిన కల్తీ మందుకు వేసే శిక్ష అలాగే ఉంది, నిజమే. కానీ తగినంత మందు లేని మాత్ర మింగిన బీపీ రోగికి అది చిన్న నేరం కాదు. ఉభయ సభల సంయుక్త సంఘం మూడు నెలలు దాన్ని పరిశీలించింది. ఆ మూడు నెలలూ నేను వేరే పేజీలు నింపుకుంటూ కూర్చున్నాను. 2023 ఆగస్టులో రాజ్యసభ కూడా ఒప్పుకున్నాక తెలుసుకున్నాను. ఆ తప్పు నాదే.

భాష సంగతికొస్తాను, నా బాధంతా అక్కడే ఉంది. 2020 మార్చిలో పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల కొత్త ముసాయిదా వచ్చింది. అది బిల్లు కాదు, శాఖ ఇచ్చే నోటిఫికేషన్. ముందుగా అనుమతి తీసుకోకుండా నడిచిన పరిశ్రమకు తర్వాత అనుమతి ఇచ్చే దారి అందులో ఉంది. అభిప్రాయాలకు గడువు నడుస్తుండగానే, మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఒక కంపెనీ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్లలోకి పాకి పన్నెండు మంది చనిపోయారు. పర్యావరణ అనుమతి లేకుండానే నడిచామని ఆ కంపెనీ 2019లో తానే రాసిచ్చి ఉంది. అంటే ఆ ముసాయిదా మీద మాట్లాడే హక్కు అందరికంటే ఎక్కువగా ఉన్నది వెంకటాపురం జనానికి. వాళ్లు చదవగల భాషలో అది లేదు. ఆ జూన్ 30న ఢిల్లీ హైకోర్టు 22 భాషల్లోకి అనువదించమని ఆదేశించింది. చట్టప్రకారం హిందీ, ఇంగ్లీషు చాలని వాదిస్తూ కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

స్థాయీ సంఘాలు ఇచ్చే ప్రకటనలూ అంతే. వినతిపత్రం ఇంగ్లీషులో గాని హిందీలో గాని పంపాలంటాయి. సభలో ఎంపీ తెలుగులో మాట్లాడవచ్చు. ఆయన్ని గెలిపించిన రైతు ఆ స్థాయీ సంఘానికి తెలుగులో ఉత్తరం రాస్తే మాత్రం కుదరదు. ఇది అన్యాయం.

అనువాదానికి సమయం కావాలి, సమయమే కరువవుతోంది. ఉపాధి హామీ బిల్లును 2004 డిసెంబర్‌లో పెడితే, స్థాయీ సంఘం చూసి, వాదోపవాదాలు జరిగి, 2005 ఆగస్టుకు ఆమోదం పొందింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చే బిల్లును 2025 డిసెంబర్ 16న లోక్‌సభలో పెట్టారు. 18న అక్కడ ఆమోదించారు, ఆ అర్ధరాత్రి దాటాక రాజ్యసభలోనూ ఆమోదం పొందింది. కొత్త చట్టం మేలా కీడా అన్నది వేరే చర్చ. బండ్లపల్లిలో మట్టి తవ్విన మనిషికి మొదటిసారి ఎనిమిది నెలలు దొరికాయి, రెండోసారి మూడు రోజులు కూడా దొరకలేదు.

లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది ఉన్నారు. రాజ్యసభలో 11 మంది, ఏడుగురు. మొత్తం అరవై మంది. ప్రతి ముసాయిదా, అది వెలువడిన రోజే తెలుగులోనూ రావాలనీ, స్థాయీ సంఘాలు తెలుగు ఉత్తరాలు తీసుకోవాలనీ ఈ అరవై మంది పార్టీలు పక్కనబెట్టి అడగాలి. ఈ వారం మీ ఎంపీకి ఆ రెండు కోరికలతో ఒక ఉత్తరం రాయండి. తెలుగులోనే రాయండి.