కంప్యూటర్ సార్ అనే పోస్టు లేదు

మా వైపు సర్కారు బడుల్లో కంప్యూటర్ సార్ అనే శాశ్వత పోస్టు లేదు. అయినా బడికొక కంప్యూటర్ సార్ ఉంటాడు. లెక్కలో సోషలో చెప్పుకునేవాడు ఎప్పుడో ఒకనాడు ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం బయటికి లాగుతాడు. ఇక ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా అతనే కంప్యూటర్ సార్.

ఒకప్పుడు ఈ పనికి వేరే మనుషులుండేవారు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 హైస్కూళ్లకు కంప్యూటర్లిచ్చినప్పుడు నేర్పేవాళ్లను కూడా పెట్టారు. అయిదేళ్ల కాంట్రాక్టు 2013లో తీరింది. వాళ్లు పోయారు, పెట్టెలు మిగిలాయి.

వరంగల్ ఉమ్మడి జిల్లాగా ఉన్నప్పుడు ఒకచోట పనిచేసిన ముగ్గురు మిత్రులం, 2021 డిసెంబర్‌లో టీచర్లను కొత్త జిల్లాలకు కేటాయిస్తూ వచ్చిన 317 జీవోతో తలో జిల్లాకు పడ్డాం: ఒకరు జనగామ, ఒకరు భూపాలపల్లి, నేను మహబూబాబాద్. ముగ్గురమూ ఈ లేని పోస్టులోనే ఉన్నాం. రాత్రిపూట ఫోన్లలో మాట్లాడుకునేదీ దాని గురించే.

మహబూబాబాద్‌లో మూడింట ఒక వంతుకు పైగా గిరిజనులే. తండా పిల్లల పేర్లతోనే నాకు సగం కాలం గడుస్తుంది. మునుపు బడుల లెక్కలు తీసే యూడైస్‌లో తరగతికి ఎందరని అంకె వేస్తే సరిపోయేది. 2022-23 నుంచి ఒక్కొక్క బిడ్డనూ పేరుపేరునా ఎక్కించాలి. ఆపైన ఒక్కో విద్యార్థికీ 12 అంకెల అపార్ గుర్తింపు నంబరు. దానికి బడి రిజిస్టరులో పేరు, ఆధార్‌లో పేరు ఒక్కటి కావాలి. బానోత్ అనే ఇంటిపేరుకు ఇంగ్లీషులో ఒకచోట చివర 'యూ' ఉంటుంది, ఒకచోట ఉండదు. ఏది దిద్దాలి? కొత్తవాళ్లు తేలిగ్గా అయ్యేదాన్ని దిద్దేస్తారు. నేను ముందు బిడ్డది ఏ తరగతో చూస్తాను. పదో తరగతి మెమో మీదికి పేరు బడి రికార్డు నుంచే పోతుంది. మెమో చేతికొచ్చాక పేరు మార్చుకోవడమంటే ఆఫీసుల చుట్టూ తిరగడమే. ఆధార్ దిద్దించాలంటే తండ్రి ఒక పూట మిర్చి కూలి వదులుకోవాలి. పైగా ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు హైదరాబాద్‌లో పనిచేసే పెద్దకొడుకు దగ్గరుంటుంది. అతను ఎత్తితేనే ఓటీపీ. ఈ చిక్కులేవీ ఏ శిక్షణలోనూ చెప్పరు.

భూపాలపల్లి మిత్రుడిది మరో తిప్పలు. మహాముత్తారం అడవి వైపు బడి. ముఖం చూపి హాజరు వేసే యాప్ కోసం సిగ్నల్ దొరికే చోటికి నడవాలి. కరోనా ఏడాది, 2020 సెప్టెంబర్ 1న యాదగిరి చానల్లోనూ టీ-శాట్‌లోనూ పాఠాలు మొదలైనప్పుడు మేం ముగ్గురం చేసింది కూడా నడకే. ఏ ఇంట్లో టీవీ ఉంది, ఆ ఇంట్లోకి పక్కింటి పిల్లను రానిస్తారా అని కనుక్కోవడం. టెక్నాలజీ పని అంటే ఇదా అని అప్పట్లో విసుక్కునేవాణ్ని. ఇప్పుడడిగితే ఇదే అంటాను.

2024 నవంబర్‌లో ఇంటింటి కులగణన కూడా మా మీదే పడింది: పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి 75 ప్రశ్నలతో ఊరు. తలుపు తీసినవాళ్లు సర్వే సంగతి పక్కనపెట్టి, "సార్, మా రేషన్ కార్డు ఎందాకొచ్చింది?" అనడిగారు. వాళ్ల లెక్కలో తెర మీద కనిపించేదంతా నా శాఖే.

జనగామ మిత్రుడి ఇల్లు ఎండాకాలం చివర అడ్మిషన్ల ఆఫీసు. డిగ్రీకి దోస్త్, ఇంజినీరింగ్‌కు ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు. రెండు కాలేజీలు పెడితే చాలనే తల్లిదండ్రులకు వరస ఎందుకో, కింద కూడా ఎందుకు నింపాలో ఓపికగా చెబుతాడు. కానీ మౌస్ మాత్రం పిల్ల చేతికే ఇస్తాడు. ఆలస్యమవుతుంది, బయట ఇంకో నలుగురు కూర్చునుంటారు. అయినా మౌస్ తను తీసుకోడు. ఆ నిగ్రహం నాకింకా అబ్బలేదు. నేర్పకుండా మేమే చేసేసే మా తొందరే మమ్మల్ని ఇంత అవసరమైనవాళ్లను చేసిందని నా అనుమానం. కొన్ని బడుల్లో పాడవుతాయని తాళం వేసి పెట్టిన డిజిటల్ బోర్డులను చూసినా కోపమొస్తుంది. పిల్లలు వాడి పాడుచేస్తేనే నయం.

మండల శిక్షణ ఎప్పుడు పెట్టినా బడి నుంచి ఇదివరకు వెళ్లినవాణ్నే మళ్లీ పంపుతారు. ఈసారి తెలుగు టీచరమ్మను పంపాల్సిందేనని మా హెడ్‌సార్‌తో గట్టిగా వాదించాను. టీచరమ్మ సరేనన్నారు. లాగిన్‌కు ఓటీపీ వచ్చే నంబరు మాత్రం నాదే ఉంచమన్నారు.