చలిమిడి ముద్ద చుట్టూ ఒక బల్ల

శ్రీమంతం బల్ల సర్దడం పూలతో మొదలవదు, నాలుగు సత్తు గిన్నెలతో మొదలవుతుంది. చిల్లకల్లులో మా పెద్దమ్మ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. బల్ల కాళ్ళ కింద తలా ఒక గిన్నె పెట్టి నీళ్ళు పోస్తుంది. బెల్లం వాసన తగిలిందంటే చీమలు ఏ గోడ పగుల్లోంచి బారులు తీరతాయో చెప్పలేం గానీ, నీళ్ళు దాటి మాత్రం రాలేవు. ఆ తర్వాతే గుడ్డ. అదీ నేలకు బెత్తెడు పైనే ఆగాలి. "నేలకు తగిలిందా, చీమలకి నువ్వే నిచ్చెన వేసినట్టు," అంటుంది పెద్దమ్మ.

హైదరాబాదు - విజయవాడ హైవే మీద పోయేవాళ్ళకు చిల్లకల్లు అంటే టోల్‌గేటు. మాకది జగ్గయ్యపేట పక్క ఊరు. 2022లో జిల్లాలు మారి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం గానీ, చుట్టాలకు మేమిప్పటికీ కృష్ణా జిల్లా మెట్టవాళ్ళమే. మా చిన్నప్పుడు శ్రీమంతానికి బల్ల లేదు. చావిట్లో చాప పరిచి, పుట్టింటివాళ్ళు తెచ్చిన సారె పళ్ళేలు వరసగా పెట్టేవాళ్ళు. అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టేవాళ్ళు. బల్ల వచ్చింది ఫొటోల కోసమే. అయినా అది వచ్చినందుకు నాకు సంతోషమే. ఏడో నెల నిండిన పిల్ల పీట మీద కాళ్ళు ముడుచుకుని రెండు గంటలు కూర్చోవడం ఎంత నరకమో కూర్చున్నవాళ్ళను అడగాలి. కుర్చీ వచ్చింది, కుర్చీకి తగ్గ ఎత్తులో బల్ల వచ్చింది. ఇక ఆ బల్ల మీద ఏం పెట్టాలన్నదే ఇప్పుడు మన చేతిలో ఉన్న ప్రశ్న.

శ్రీమంతం అని మనం ముద్దుగా పిలుచుకుంటున్నా, అసలు మాట సీమంతం. అంటే పాపిట. షోడశ సంస్కారాల్లో ఒకటైన సీమంతోన్నయనంలో భర్త తన చేత్తో భార్య పాపిట తీస్తాడు. మూడు తెల్లమచ్చలున్న ఏదుపంది ముల్లు, దర్భలు, పచ్చి మేడికాయల గుత్తి అందుకు పనిముట్లు. ఆపస్తంబ గృహ్యసూత్రం దీన్ని తొలి గర్భంలో నాలుగో నెలలో చేయమంటుంది. వీణ వాయించేవాళ్ళను పిలిచి పాడించమంటుంది. ఆ పాటలో, తాము ఏ నది ఒడ్డున బతుకుతున్నారో ఆ నది పేరు చెప్పాలట. ఆ ఒక్క మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మేమైతే కృష్ణ పేరు చెప్పాలి, నందిగామవాళ్ళు మున్నేరు పేరు చెప్పుకోవచ్చు. చివర మొలకెత్తిన యవలు ఆమె తలకు కట్టాలి, చుక్కలు పొడిచేదాకా ఆమె మౌనంగా ఉండాలి. ఇందులో పుట్టబోయే బిడ్డకోసం వస్తువంటూ ఒక్కటీ కనిపించదు. అన్నీ తల్లి తలకు, తల్లి చెవికి, తల్లి నోటికి.

మన ఇళ్ళలో ఆడవాళ్ళు నడుపుకొచ్చిన వేడుకదీ అదే పద్ధతి. గాజులు ఆమె చేతికి, గంధం ఆమె మెడకు, చీర, పళ్ళు ఆమె ఒళ్ళోకి. పుట్టకముందే ఉయ్యాల కొనరు, చిన్న చొక్కాలు కుట్టించరు. కాన్పంటే తల్లికి పునర్జన్మ అనుకున్న కాలంలో పుట్టిన భయం అది. ఆ భయాన్ని మూఢనమ్మకమని కొట్టేయడం తేలిక. దాన్నుంచి వచ్చిన మర్యాదను మాత్రం నేను వదులుకోను. శ్రీమంతం బల్ల తల్లిది. బిడ్డ సంబరం బారసాలకు ఎలాగూ ఉంది.

బల్ల మధ్యలో ఉండాల్సింది చలిమిడి. మా వైపు మూడో నెలలోనే పుట్టింటివాళ్ళు చప్పుడు చేయకుండా తెచ్చిపెట్టేదాన్ని దొంగ చలిమిడి అంటారు. తర్వాత అయిదు, ఏడు, తొమ్మిది నెలల్లో ఏదో ఒక బేసి నెల చూసి బాహాటంగా తెస్తారు. కడుపు చలవ కోసం పెట్టేది కాబట్టి చలిమిడి లేకుండా ఎన్ని స్వీట్లు పేర్చినా మా పెద్దవాళ్ళకు అది శ్రీమంతం కిందికి రాదు.

దాని తయారీ దగ్గరుండి చూడాలి. బియ్యం ముందురోజు నానబోస్తారు. పొద్దున్నే వడేసి, పల్చటి గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చి, తడి పోకముందే మర పట్టించి జల్లిస్తారు. పిండిని గుప్పిట్లోకి తీసుకుని ఒత్తితే వేళ్ళ అచ్చుతో ముద్ద నిలబడాలి, పొడిగా రాలిపోతే చలిమిడికి పనికిరాదు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పాకం ఉడుకుతుంటే పెద్దమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక చుక్క వదులుతుంది. ఆ చుక్కను రెండు వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టాలి, వదిలేస్తే మళ్ళీ సాగిలపడాలి. అరిసెల పాకం కన్నా ఒక పిసరు లేత. ముదిరిందా, సాయంత్రానికి రాయి. బొత్తిగా లేతైతే గోపురం నిలవదు, జారిపోతుంది. పొయ్యి మీంచి దించి ఒకరు పిండి జల్లుతుంటే ఇంకొకరు తెడ్డుతో కలుపుతారు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదది. నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు, గసగసాలు, యాలకుల పొడి చివర్లో పడతాయి. గోరువెచ్చగా ఉండగానే నెయ్యి రాసుకున్న చేతులతో పళ్ళెంలో గోపురంలా అద్దుతారు. ఆ నున్నటి బెల్లపు రంగు మీద దీపం వెలుగు పడితే దానికి వేరే అలంకారం అక్కర్లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరే తల్లులు పెట్టెలో మొదట సర్దేదీ ఈ పాకం చలిమిడే. పచ్చి చలిమిడిలా మర్నాటికి పులవదు, వారం పదిరోజులు నిలవుంటుంది.

చలిమిడి గోపురం ఎత్తును బట్టి మిగతావన్నీ సర్దుకోవాలి. ఎత్తుల పని చాలామంది మర్చిపోతారు. పళ్ళేలన్నీ ఒకే మట్టంలో పెడితే ముందు వరస తప్ప వెనక ఏముందో కనిపించదు. సంక్రాంతి బొమ్మల కొలువుకు మెట్లు కట్టినట్టే ఇక్కడా కట్టాలి. పీటలు, బోర్లించిన గిన్నెలు, డబ్బాలు పేర్చి వాటి మీద గుడ్డ కప్పితే మెట్లు సిద్ధం. నున్నటి శాటిన్ మీద పళ్ళేలు జారతాయి. పెడన అచ్చు కలంకారీ నూలు దుప్పటి పట్టు ఇస్తుంది. ఆ ఎరుపు, నలుపు, ఆవరంగుల మీద పసుపు, కుంకుమ, ఆకుపచ్చ ఎంత నిండుగా కనిపిస్తాయో! ఇంట్లో పాత మంగళగిరి చీర ఉన్నా చాలు, జరీ అంచు ముందుకు వచ్చేలా పరిస్తే సరి.

గుడ్డ అంటే గుర్తొచ్చింది. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పఫలకం ఒకటుంది. జగ్గయ్యపేటకు తన తండ్రి పేరు పెట్టుకున్న జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి హయాంలోనే అమరావతిలో ఆ ఫలకం ఉన్న స్తూపపు దిబ్బ తవ్వకాల్లో బయటపడింది. ఆ ఫలకంలో బుద్ధుడి తల్లి మాయాదేవి కల ఉంది. లుంబినిలో చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడ్డ మాయాదేవి ఉంది. పక్కన దేవతలు చేతుల మీద పొడుగాటి గుడ్డ పట్టుకుని ఉంటారు, దాని మీద చిన్ని అడుగుల గుర్తులు. బిడ్డ మాత్రం కనిపించడు. బుద్ధుణ్ణి గుర్తుల్లోనే చూపించడం ఆ కాలపు శిల్పుల పద్ధతి, మన ఆచారానికీ దానికీ సంబంధం లేదు. అయినా మా కృష్ణ అవతలి గట్టున, తల్లిని నిండుగా చెక్కి బిడ్డను ఒక గుడ్డ మీద తలపుగా వదిలిన చెయ్యి ఒకటుందని తెలిశాక, బల్ల మీద గుడ్డ పరిచేటప్పుడల్లా నాకు ఆ ఫలకమే మెదులుతుంది.

పళ్ళ దగ్గర పెద్దవి కిందికి, చిన్నవి పైకి అన్నది అందరికీ తెలిసిందే. కొబ్బరి బోండాలు దొర్లకుండా ఉండాలంటే కింద చుట్టకుదురు పెట్టండి, పాత చీర ముక్క మెలితిప్పినా చాలు. అరటి హస్తాలు వెనక వరసలో గోడలా నిలబెట్టి, వాటికి ఆనించి బత్తాయిలు, దానిమ్మలు, జామకాయలు పేర్చితే దిగజారవు. తమలపాకుల్ని తొడిమలు లోపలికి, కొసలు బయటికి వచ్చేలా సగం సగం కప్పుతూ చుట్టూ పరిస్తే తామరపువ్వు వస్తుంది. దాని నడుమ వక్కలు, ఎండు ఖర్జూరాలు. జగ్గయ్యపేట ఎండల సంగతి తెలిసిందే కదా, ఆకుల్ని చివరి నిమిషం దాకా తడిగుడ్డలో చుట్టే ఉంచాలి. బొప్పాయిని, అనాసను మాత్రం పెద్దవాళ్ళు బల్ల దరిదాపులకు రానివ్వరు.

బజార్లో కొనే ప్లాస్టిక్ పూలదండల జోలికి పోకుండా మన చుట్టూ ఏముందో చూస్తే బల్లకు ఊరి ముఖం వస్తుంది. మెట్టలో తాటిచెట్లకు కొదవ లేదు. లేత తాటాకుతో చిన్న బుట్టలల్లి సున్నుండలు, కజ్జికాయలు అందులో పెట్టొచ్చు. నందిగామ నల్లరేగడి పత్తికి పేరు. చలికాలంలో శ్రీమంతమైతే పగిలిన పత్తికాయలున్న కొమ్మలు నాలుగు కంచు చెంబులో నిలబెట్టి చూడండి. నేనొకసారి పెట్టాను. వచ్చిన ఆడవాళ్ళందరూ రోజూ ఏరే పత్తే అది. అయినా ఒక్కొక్కరూ ఆగి ముట్టుకుని చూశారు.

విజయవాడ వైపు వెళ్తే దారిలోనే కొండపల్లి. తేలికైన తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులేసే బొమ్మలు. అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే మనిషి, రోటి దగ్గర ఆడవాళ్ళు... దంపుడు బొమ్మను చలిమిడి పళ్ళెం పక్కన పెడితే కథంతా అదే చెప్పేస్తుంది. బొమ్మలు బిడ్డవి కావా అని ఒకావిడ నన్ను అడిగింది. మన ఇళ్ళలో కొలువు బొమ్మలు ఎప్పుడూ ఆడవాళ్ళవే కదా.

గాజులకు బల్ల మీద కుడివైపు చోటివ్వాలి. ఎరుపు, ఆకుపచ్చ మట్టిగాజులు. వాటిని రంగులవారీగా గొట్టాలకెక్కించి గోపురాలు కడుతున్నారు, చూడ్డానికి బాగుంటుంది. కానీ తొడిగే వేళకు ఒక్కటి లాగబోతే మొత్తం కూలుతుంది. రెండేసి డజన్లు పట్టుదారంతో వదులుగా కట్టి, ముడి ఒక్క లాగుకు ఊడేలా ఉంచడం మేలు. ఆరో నెల దాటాక కడుపులో బిడ్డకు బయటి చప్పుళ్ళు వినిపిస్తాయని డాక్టర్లు చెబుతున్నారు. అమ్మ చేతి గాజుల గలగల బిడ్డకు చేరుతుందని మన వాళ్ళు ఎప్పట్నుంచో చెప్పుకుంటున్నదే.

బల్ల ముందంచును ఖాళీగా ఉంచాలి. పసుపు, కుంకుమ, గంధం, అక్షింతలు, పన్నీరుబుడ్డి చెయ్యి చాపితే అందేంత దగ్గర. దీపం మాత్రం ఎప్పుడూ ముందు వద్దు. వరసగా వంగే పాతికమంది ఆడవాళ్ళు, పట్టుచీరల కొంగులు, బల్లకు కుచ్చిన నెట్ గుడ్డ. వెనక మెట్టు మీద, వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో పెట్టండి. ఘాటైన అగరొత్తులు, సంపెంగలు కూడా నేను పక్కన పెడతాను. వేవిళ్ళు పూర్తిగా తగ్గని పిల్లలుంటారు. ఆయుర్వేదం గర్భిణిని దౌహృదిని అంటుంది, రెండు గుండెలున్న మనిషి. ఆమె కోరింది పెట్టాలంటుంది. అందుకే బల్ల సర్దేముందు నేను అమ్మాయిని అడిగే ప్రశ్న ఒకటే, "నీకేం తినాలనుందమ్మా?" ఒక పిల్ల ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలంది. వెండిగిన్నెలో పోసి చలిమిడి పక్కనే పెట్టాం. అందరికన్నా ముందు ఆమె చెయ్యి వెళ్ళింది దాని మీదికే.

ఇప్పుడు హైవే పక్క ఫంక్షన్ హాళ్ళలో బేబీ షవర్ పేరుతో బెలూన్లు, కేకులు, థర్మోకోల్ ఉయ్యాలలు వస్తున్నాయి. అందం ఎవరిష్టం వాళ్ళది. గులాబీ, నీలం రంగుల్లో బల్లను రెండుగా చీల్చి పాపా, బాబా అని వచ్చినవాళ్ళతో ఓట్లు వేయించే ఆట మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. కడుపులో ఉన్నది ఎవరో చెప్పడం తప్పని 1994లో చట్టమే చేసుకున్న దేశం మనది. ఆ చట్టం ఎందుకు అవసరపడిందో తెలిసి కూడా, నిండు నెలల పిల్లను రెండు రంగుల మధ్య కూర్చోబెట్టి నవ్వమనడం న్యాయం కాదు.

పాతదాంట్లోనూ నాకు మింగుడుపడనిది ఉంది. భర్త పోయినవాళ్ళను, పిల్లలు లేనివాళ్ళను బల్ల దగ్గరికి రానివ్వకపోవడం. పాకం కలిపే తెడ్డు పట్టినప్పుడు లేని అభ్యంతరం గంధం రాసేటప్పుడు ఎక్కడిది? పెద్దమ్మకు పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆమె చేతి చలిమిడి కోసం ఊళ్ళో సగం ఇళ్ళు కబురు పంపుతాయి, వేడుక వేళకు ఆమె మాత్రం వంటింట్లో ఉండిపోయేది. నిరుడు మా మేనకోడలి శ్రీమంతానికి ఆ పిల్లే కుర్చీలోంచి లేచి వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "మొదటి గాజు అమ్మమ్మే తొడగాలి," అంది. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమ్మ వేళ్ళకు ఇంకా నెయ్యి జిడ్డు ఉంది. అందుకేనేమో ఆకుపచ్చ గాజు మణికట్టు దాటి సులువుగా జారింది.

సాయంత్రానికి బల్ల ఖాళీ. తమలపాకులు, జాకెట్టు గుడ్డలు తాంబూలాల్లో వెళ్ళిపోయాయి. గోపురాన్ని కత్తితో ముక్కలు కోసి, అరిటాకు ముక్కల్లో చుట్టి ఇంటింటికీ పంపించాం. గుడ్డ దులిపి మడతేశాక పెద్దమ్మ వంగి బల్ల కాళ్ళ కింద నాలుగు గిన్నెలూ తీసి, ఆ నీళ్ళు వాకిట్లో మల్లె పాదులో పోసింది.