పరుగు తర్వాత గిన్తీ

మిలిట్రీలో చేసి వచ్చినవాళ్ల దగ్గరికి మా వైపు పిల్లలు పోయేది ఒకే పనికి: 1,600 మీటర్ల పరుగు. ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే అగ్నివీర్ ర్యాలీలో పూర్తి మార్కులు. ఆపైన పది పుల్ అప్స్, తొమ్మిదడుగుల గుంత దూకడం. చీకటితోనే గ్రౌండులో విజిల్ ఊదే హవల్దారును ర్యాలీ అయ్యేదాకా ‘సార్’ అంటారు, తర్వాత ‘మామా’ అంటారు. ఉద్యోగం వచ్చినోడు ఊరు వదులుతాడు, రానోడు గ్రౌండు వదులుతాడు. మామ మాత్రం పొద్దెక్కేసరికి బ్యాంకు ముందర తుపాకీతో స్టూలు మీద కూర్చుంటాడు.

ఇది నాకు మింగుడుపడదు. సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేళ్ల సర్వీసుతో పెన్షన్ తీసుకుని వచ్చేస్తాడు. అప్పటికి చాలామందికి నలభై కూడా నిండవు. గాయపడినవాణ్ని రెండు కర్రలు, రెండు చొక్కాలతో మోసుకురావడం, తాడు కట్టి వాగు దాటించడం, ఫోన్ పలకని చోట కబురు అందించడం అన్నీ చేతికి అలవాటైన మనిషి. అలాంటోడు ఊళ్లో ఉండి, ఊరి పిల్లలకు ఊరు వదిలిపోయే విద్య ఒక్కటే నేర్పుతున్నాడు. తప్పు ఆయనది కాదు, మనం అడిగింది అదే.

కరువు సీమలో వరదకు సిద్ధపడమంటే నవ్వుతారనుకోండి. కానీ 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊళ్లోకి వచ్చాయి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కడప జిల్లాలో పులపత్తూరు, మందపల్లి ఇళ్లు కొట్టుకుపోయాయి. సాయం బయల్దేరేలోపే నీళ్లు చేయాల్సింది చేసేశాయి. ఎన్డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ ఉండేది విజయవాడ దగ్గర కొండపావులూరులో. అక్కణ్నుంచి నల్లమలలోని అహోబిలం క్షేత్రానికి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. వాళ్లెంత తొందరగా వచ్చినా మొదటి గంటలు ఊరివాళ్లవే.

అహోబిలం సంగతే చూడండి. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పోయే దారి భవనాశిని వాగును పట్టుకునే సాగుతుంది. నల్లమల లోపల ఎక్కడో వాన పడితే చాలు, ఎండ కాస్తున్న చోటికీ నీళ్లొస్తాయి. ఉగ్రస్తంభం ఎక్కుతామని పోయే కుర్రాళ్లు, పావన నరసింహుడి దారిలో అడవి నడిచే ముసలివాళ్లు, చాలా చోట్ల సిగ్నల్ లేని ఫోన్లు. ముప్పైమంది గుంపు ఎక్కి ఇరవైతొమ్మిది మంది దిగితే, ఆ తక్కువైన మనిషి ఎప్పుడు తెలుస్తాడు? బస్సు కదిలేటప్పుడు.

పటాలంలో పొద్దున, సాయంత్రం గిన్తీ ఉంటుంది. ఎంతమంది ఉన్నారు, లేనివాడు ఎక్కడ, ఎందుకు లేడు. ఇద్దరిద్దరికి జోడీ కడతారు. నీ జోడీ కనపడకపోతే జవాబు నువ్వే చెప్పాలి. కాలేజీల్లో లీడర్‌షిప్ క్లాసంటే మైకు పట్టుకుని భయం పోగొట్టుకోవడం. దానికి బదులు పద్దెనిమిదేళ్ల పిల్లకు పదిమందిని అప్పజెప్పి, కొండెక్కించి, పదిమందినీ దింపుకురమ్మనండి. ఎవరికి ఆయాసం, ఎవరి దగ్గర నీళ్లయిపోయాయి, ఎవరు సెల్ఫీ కోసం వెనకబడ్డారు అని చూసుకోవడంతోనే ఆ పిల్లకు చాలా వచ్చేస్తుంది. పాము కరిస్తే తాడు బిగించకూడదు, కోయకూడదు, కాలు కదలనీయకుండా ఆస్పత్రికి మోయాలి. ఇది క్లాసులో చెప్తే తలూపుతారు. మోసి చూస్తే గుర్తుంటుంది.

మోయడం ఇక్కడ కొత్త విద్యేం కాదు. కనుమనాడు మొదలై నలభై రోజులకు పైగా పారువేటలో స్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంది. బోయీలు నడుస్తూనే భుజం మార్చుకుంటారు, పల్లకి కుదుపు తెలియదు. ముసలి భక్తులను కొండమీదికి మోసే డోలీవాళ్లకు ఏ రాయి మీద కాలు జారుతుందో తెలుసు. నీళ్లు ముందు ఏ మలుపులో దిగుతాయో చెంచులకు తెలుసు. అందుకని సుబేదారుగారు వచ్చీరాగానే ‘సావధాన్’ అని అరవడం మొదలుపెడితే పని జరగదు. ముందు ఆయన డోలీవాళ్ల వెనక నడవాలి. ఊళ్లో ఎవరికీ ర్యాంకులుండవు, ‘ఏం సామీ, మాకే చెప్తావా’ అని లేచిపోతారు.

ఇంకో చిక్కు మా సీమకు బాగా తెలిసిందే. మామ ఒక పార్టీవాళ్ల అరుగు మీద కూర్చుంటే రెండోవాళ్లు పిల్లల్ని పంపరు. పదిహేడేళ్లు ఊరికి దూరంగా ఉన్నందుకు ఏ వర్గానికీ చెందకపోవడం ఆయనకు దొరికిన వరం. రిటైరై వచ్చిన మొదటి ఎలక్షన్లోనే దాన్ని పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ప్రభుత్వం దగ్గర పథకం లేకపోలేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర అని మొదలుపెట్టింది. ఊరి వాలంటీర్లకు పన్నెండు రోజుల శిక్షణ, ఒక కిట్టు ఇస్తారు. ఇప్పుడు ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల వైపు కూడా చూస్తున్నారు. మంచిదే. కానీ పన్నెండు రోజుల తర్వాత కిట్టు అటక మీదికి పోతుంది. నెలకోసారి దించి, ముడి వేయడం మరిచిపోయినవాడితో మళ్లీ వేయించే మనిషి కావాలి. ఆ పనికి మాజీ సైనికుణ్ని మించినవాడు నాకు కనపడడు. చేసిందే మళ్లీ చేయడానికి విసుగు లేకపోవడం పటాలంలో నేర్చుకున్నదే.

వీళ్లకు తోడు కూడా వస్తున్నారు. సైన్యంలో అగ్నివీరుల మొదటి బ్యాచ్ శిక్షణకు పోయింది 2023 జనవరిలో. నాలుగేళ్లు లెక్కేస్తే 2026 చివరికి నిండుతాయి. గరిష్ఠంగా పాతిక శాతం మందిని ఉంచుకుని మిగతావాళ్లను ఇంటికి పంపుతారు. ఆ కుర్రాళ్లు ఇరవైల్లోనే గ్రౌండుకు తిరిగొస్తారు. వాళ్లకూ ఒక్కో బ్యాంకు ముందర ఒక్కో స్టూలు వేసేలోపే, ఏ పారువేటకో ముందు ఒక ఆదివారం డోలీవాళ్లను, మామను, ఈ కుర్రాళ్లను ఎగువ అహోబిలంలో కలపాలి. తాడు పంచాయతీ కొనివ్వొచ్చు. ఖాళీ డోలీలో ఎవరినైనా కూర్చోబెట్టి జ్వాల నుంచి దింపి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసిపెట్టుకోవాలి.