వడ్డీ వద్దన్న వాళ్ళం, వడ్డీ కడుతున్న వాళ్ళం

శుక్రవారం మసీదులో వడ్డీ హరామ్ అని బయాన్ వింటాం. సాయంత్రం గిరిగిరివాడొచ్చి గుమ్మంలో నిలబడతాడు. పదివేలు అప్పంటే పదిహేను వందలు ముందే కోసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతాడు. ఇక రోజుకి వంద చొప్పున వంద రోజులు. పంక్చర్లు వేసేవాడు, ఇస్త్రీ బండివాడు, ఇంట్లో కూర్చుని జరీ కుట్టే మా ఆడవాళ్ళు, అందరూ కడుతూనే ఉంటారు. వడ్డీ పాపమని నమ్మే మేమే వడ్డీ కింద నలుగుతున్నాం. ఇస్లామిక్ బ్యాంకింగ్ గురించి మాట్లాడేవాళ్ళు ఇక్కడినుంచి మొదలుపెట్టరు. మతం బ్యాంకులోకి వచ్చిందని మొదలుపెడతారు.

అసలు అందులో ఉన్నదేంటి? మురాబహా అంటే కుట్టుమిషన్ బ్యాంకే కొంటుంది. కొన్న ధరా, తన లాభమూ రెండూ చెప్పి మాకు వాయిదాల మీద అమ్ముతుంది. ముషారకా అంటే లాభనష్టాల్లో పొత్తు. పొత్తు సేద్యం తెలిసిన పల్లెలకి ఇదంత అర్థంకాని సంగతా?

1949 నాటి బ్యాంకింగ్ చట్టం బ్యాంకులు సరుకులు కొని అమ్మకూడదంటుంది. చట్టం దైవవాక్కేమీ కాదు, మార్చుకోవచ్చు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్‌కి వీలు కల్పించమంది. 2015లో దీపక్ మొహంతి కమిటీ, ఉన్న బ్యాంకుల్లోనే అందుకోసం ఒక విభాగం పెట్టమంది. 2017లో రిజర్వు బ్యాంకు దాన్ని పక్కన పెట్టేసింది. పౌరులందరికీ బ్యాంకు సేవలు విస్తృతంగా, సమానంగా అందుబాటులో ఉన్నాయి కదా అంది. సమానంగానా? అప్పు సులభంగా ఇవ్వని 'నెగెటివ్' ప్రాంతాలను కొన్ని బ్యాంకులు గుర్తుపెట్టుకున్నాయని 2006లో సచార్ కమిటీ రాసింది. మా బస్తీలు ఆ గీతకి ఎటువైపున్నాయో మాకెవరూ చెప్పనక్కర్లేదు.

అలాగని తప్పంతా అవతలివాళ్ళదే అనం. బ్యాంకు రాని చోటికి హలాల్ బోర్డు వచ్చింది. బెంగుళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ అనే సంస్థ వడ్డీ కాదు, లాభంలో వాటా అంది. 2019 జూన్‌లో యజమాని దేశం దాటిపోయాడు. జులైలో తిరిగొచ్చి అరెస్టయ్యాడు. వేలమంది సొమ్ము మునిగింది. నెలనెలా తప్పకుండా వచ్చే లాభం ఏ వ్యాపారంలో ఉంటుందని మేం అడగలేదు. గడ్డం చూశాం, టోపీ చూశాం, లెక్క చూడలేదు.

ఇప్పుడా బోర్డు ఫోన్‌లోకి వస్తోంది. గల్ఫ్‌లో పనిచేసే మా పిల్లలు అక్కడి ఇస్లామిక్ బ్యాంకుల యాప్‌ల సంగతి చెబుతుంటారు. మలేసియా ఇంకా ముందుకు పోయింది. అక్కడ 2022లో ఇచ్చిన ఐదు డిజిటల్ బ్యాంకు లైసెన్సుల్లో రెండు ఇస్లామిక్‌వే. 2024లో ఏయాన్ బ్యాంకు పని మొదలుపెట్టింది. అక్కడ పైన కేంద్ర బ్యాంకు నిఘా ఉంది, షరియా పండితుల మండలి ఉంది. ఆ రెండూ లేని యాప్‌ని, ఈ రెండూ ఉన్న బ్యాంకునీ ఒకే గాటన కట్టకూడదు.

అన్నీ ఉన్నచోట కూడా తగువు ఉంది. తవర్రుఖ్ అని ఒక పద్ధతి. అప్పు కావాల్సినవాడి పేరున ఏదో సరుకు కొన్నట్టు, వెంటనే మరొకరికి అమ్మినట్టు కంప్యూటర్లో నడుస్తుంది. సరుకు ఎవరి కళ్ళా పడదు. చేతికి నగదు, నెత్తిమీద వాయిదాలు. ముందే ఏర్పాటు చేసుకున్న ఇలాంటి తవర్రుఖ్ చెల్లదని 2009లో షార్జాలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. మలేసియా చెల్లుతుందంటోంది. ఈ వాదన మా మసీదుల్లో ఎవరైనా చెప్పారా? పత్రికలవాళ్ళు రాశారా? అరబ్బీ పేరు వినగానే వాళ్ళు భయపడుతున్నారు, మేం నమ్మేస్తున్నాం. ఒప్పందం ఎవరూ చదవడంలేదు.

మాకు దానం వద్దు, వేరే ఖజానా వద్దు. రిజర్వు బ్యాంకు నిఘాలో, ఏ మతంవాళ్ళైనా వాడుకోగల వడ్డీలేని విభాగం కావాలి. ఒప్పందం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. మేం కూడా బొటనవేలు నొక్కేముందు మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలి: సరుకు ఎవరి చేతిలో ఉంది? నష్టమొస్తే ఎవరు భరిస్తారు? వాయిదా తప్పితే ఏం చేస్తారు? జవాబు చెప్పలేనివాడు బిస్మిల్లా రాసుకున్నా సరే, మాకు గిరిగిరివాడి తమ్ముడే.